అరవై ఒకటో నంబరు కాలేజీ

రాజనర్సు కూసున్న కుర్చీ ఎంత మెత్తగున్నదంటే, ఇంకో గంట కూసుంటే మనిషి అండ్లకెల్లి కిందికి దిగి నేలల మొలకెత్తుతడు. పైన ఏసీ గాలి, అది గాలి కాదు, మంచుకొండను ఎవలో పలగ్గొట్టి మిషన్ల పోసి ఊదుతున్నరు, పావుగంట అయ్యేసరికి ఆయన మీసం గడ్డకట్టింది, తుమ్మితే టక్కున ఇరిగి కిందవడుతదని ఆపుకుంట కూసున్నడు. ఒళ్ళె బిడ్డ సర్టిఫికెట్ల ఫైలు. చేతిల టోకెను కాయితం, నూట పదిహేడు. గోడకున్న టీవీల ఎర్ర నంబరు తొంబై ఎనిమిది కాడ మొండికేసిన ఎద్దు లెక్క నిలబడ్డది. టోకెను వచ్చినంక గా కిటికీల ఈ ఫైలు ఇస్తే బిడ్డ ఈ కాలేజిల చేరినట్టు. ఇచ్చినంక, సర్కారు కౌన్సిలింగుల ఇంకో పాత కాలేజిల బిడ్డకొచ్చిన సీటు ఇయ్యాల సాయంత్రం అయిదింటికి ఇంకెవలకో పోతది. ఒరిజినల్ కాయితాలు ఒకటే జత, కాలేజీలు రెండు. పక్క కుర్చీల బిడ్డ ప్రమీల. మొఖం ఫోన్ల వెట్టి ఉన్నది గని ఫోన్ చూస్తలేదు, ఫోన్ తెర చీకటైపోయి చాలసేపాయె. ప్రమీలకు కోపమొస్తే తెలుగు బందు పెడుతది. పదకొండు దినాల సంది తండ్రితోని అంతా హిందీలనే. పొద్దుగాల గూడ గంతే, తయారయ్యి గడప కాడ నిలబడి, "ఆప్‌కో జో కర్నా హై కరో, పాపా" అన్నది, నీ ఇష్టమొచ్చింది చేస్కో అని, సచ్చిన పామును కట్టెతోని లేపినట్టు.

ఎదురుంగ గోడ నిండ 61. ఒక్కొక్క అంకె కోసాడ్ ఆవాసుల, గా సర్కారు కట్టిచ్చిన ఇండ్లల్ల, ఆయన వంటింటంత ఉన్నది, ఆరు పొట్టల మంచమేస్తే ముగ్గురు పండొచ్చు. దాని కింద చీమలు బారు కట్టినట్టు సన్నటి అక్షరాలు. గా అక్షరాలేందో ప్రమీల ఎప్పుడో ఫోన్ల సదివి చెప్పింది, బాపూ, అది దేశమంతట్ల అరవై ఒకటి కాదు, ఒట్టి ప్రైవేటోళ్ళల్ల, అండ్ల గూడ పడమటి దిక్కోళ్ళల్ల, ఏదో పుస్తకమోళ్ళు ఇచ్చిన్రు అని. దిక్కేదైతేంది, నంబరు నంబరే అన్నడు రాజనర్సు. అప్పుడు ఆయనకు నంబరు అంటే గుడిల గంట అసొంటిది, మోగిందంటే దేవుడున్నట్టే. ఆ గంట ఆయన చెవుల మోగిచ్చినోడు త్రివిక్రమరావు సారు, హజీరాల పెద్ద కంపెనీల ఇంజనీరు, ఆల్థాన్‌ల ఉంటడు. తెలుగోళ్ళ సంఘం ఉగాది నాడు పచ్చడి గిలాస తీస్కుంట, ఏమయ్యా రాజనర్సూ, మీ అమ్మాయి పన్నెండో తరగతి కదా అన్నడు, జేబులకెల్లి ఫోన్ తీసిండు, వేలుతోని సర్రున గుంజిండు, లిస్టు కిందికి ఉరికింది. ఇదిగో, మన సూరత్ దగ్గర ఇది ఉంది, అరవై ఒకటి, కళ్ళు మూసుకుని చేర్పించెయ్యి. కళ్ళు మూసుకుని. ఇప్పుడు యాదికొస్తే గా మాట పండ్ల నడుమ ఇసుకె లెక్క కర్రుమంటున్నది. కని ఆనాడు రాజనర్సుకు రెక్కలొచ్చినయ్. కోసాడ్ అచ్చి నల్ల కాడ అరవై ఒకటని చెప్పిండు. నల్ల కాడికెల్లి రెండో బిల్డింగు పోయేసరికి అది పదహారైంది, గుడి కాడికి చేరేసరికి ఆరైంది, శనివారం దాకా ఆగుతే బిడ్డ దేశంల రెండో కాలేజిల చదువుతున్నది, మొదటిదాంట్ల సీటొచ్చినా దూరమని వద్దన్నదట. రాజనర్సు అద్దనలేదు. మంది తియ్యగ చెప్తుంటే అద్దనుడు ఆయనకు చిన్నప్పటి సంది అలవాటు లేదు.

అరే, తొంబై తొమ్మిదైంది. ఒకటి కదిలింది. ఎవలో తండ్రి, సూటు తొడుక్కున్నోడు, కిటికీ కాడికి పెండ్లికొడుకు లెక్క పోతున్నడు. పోనీ. మనం గూడ పోతం. పోతమా? రాజనర్సు పనిజేసేది బట్ట చెకింగు కాడ, ముప్పై ఏండ్ల సంది. వాలుగ అద్దం టేబుల్, కింద ట్యూబులైట్లు, బట్ట నేసే సాంచల కాడికెల్లొచ్చిన టాకా, అంటే తాను, దాని మీదికెల్లి గుంజాలె, నూరు మీటర్లు, మీటరు మీటరు చూడాలె. పోగు తెగిందా, నూనె మరక పడ్డదా, పేక వదులైందా. బాగుంటే ఫ్రెష్, లోపముంటే సెకండు, మరీ చెడితే చిందీ. ఆయన కన్ను ఎసొంటిదంటే, ఒకపారి తాపి నది అవుతలి ఒడ్డున ఎవలో చీరె ఆరేస్తే, ఇవుతల అమ్రోలి బ్రిడ్జి మీద సైకిలు ఆపి, గా చీరెల కొంగుకు జానెడు మీద పోగు తెగిందన్నడట, ఇద్దరు ఈది పోయి చూస్తే తెగే ఉన్నదట. కార్ఖానల ఒక రివాజు ఉన్నది. నేసినోడు తన బట్ట తను చెక్ చెయ్యొద్దు. చెక్ చేసినోడు టాకా మూలకు తన పేరుది మొదటి అక్షరం రాయాలె. మార్కెట్ల లొల్లయితే గా అక్షరం పట్టుకోనొచ్చి మనిషిని అడుగుతరు. రాజనర్సుకు రాయను వచ్చిన అక్షరాలు నాలుగైదే, అండ్ల 'రా' ఒకటి, అది లక్ష టాకాల మీద రాసి ఉంటడు. అందుకే నంబరు అనంగనే ఆయన కండ్ల ముందట ఏం కనవడ్డదంటే, ఢిల్లీకెల్లి ఎవలో ముసలాయన, కండ్లద్దాలాయన, రాజనర్సు అసొంటాయనే, కాలేజిని అటు కొస పట్టుకోని టేబుల్ మీద గుంజిండు, రూము రూము, సారు సారు, పిల్ల పిల్ల, కింద లైటేసి చూసిండు, మూలకు తన అక్షరం రాసిండు. నంబరంటే గదే కద మరి. ఇంకేముంటది. ఒక్క కాలేజిని చూడనీకి ఎన్ని దినాలు పట్టిందో పాపం, అని ఆ ముసలాయన మీద రాజనర్సుకు జాలి గూడ పుట్టింది, రాత్రి బువ్వ తినుకుంట భార్య భూదేవికి చెప్పిండు, గాయన కండ్లు పోతయే, పాపం అని.

గొంతెండింది. మంచు గాలి తినీ తినీ గొంతెండుడేందో. ఫైలు చంకల వెట్టుకోని నీళ్ళ కోసం లేచిండు. వరండ చివర చల్ల నీళ్ళ మిషను, దాని కాడ సీసా నింపుకుంట నీలం బట్టల సెక్యూరిటి. చూస్తే ఓంప్రకాష్. ఒకే కార్ఖానల పనిజేసినోడు, సాంచ బెల్టుల రెండు వేళ్ళు పోయినంక కనవడకుండ పోయినోడు. నర్సన్నా అన్నడు, ఆ మిగిలిన మూడు వేళ్ళతోని భుజం పట్టుకున్నడు, ముఖమంత నవ్విండు. ఊరి ముచ్చట, పిల్లల ముచ్చట అయినయ్. బిడ్డను ఈడనే చేర్పిస్తున్నవా, మంచిగనే ఉంటదన్నా, తోట బాగుంటది, కారు పెట్టుకోను జాగ ఉంటది అన్నడు. రాజనర్సుకు కారు లేదు, తోటల మేయనీకి బిడ్డ మేక కాదు. నవ్విండు. నవ్వి, ఉత్తగనే, గిలాస నోట్లె వెట్టుకోబోయి, అడిగిండు.

"ఓం, గీ కాలేజిని చెక్ చెయ్య ఎవలొచ్చిన్రు? ముసలాయననా?"

"చెక్ ఏందన్నా?"

"గదే, నంబరిచ్చినోళ్ళు."

"ఎవలు రాలె. మూడేండ్ల సంది గేటు కాడ నేనే ఉన్న. నా రిజిస్టర్ల పేరు రాయకుండ ఈగ గూడ లోపటికి పోదు."

"మరి నంబరెట్లొచ్చింది?"

"పైన మూడో అంతస్తుల నలుగురు కూసోని నెల దినాలు ఫారం నింపిన్రు. చాయలు నేనే మోసిన."

"అబద్ధాలు రాసిన్రా?"

"నాకేం దెలుసన్నా అబద్ధమో నిజమో. రాసినోళ్ళు మాత్రం ఈళ్ళే."

నీళ్ళు తాగలే. మల్లొచ్చి కుర్చీల కూసున్నడు, కుర్చీ మల్ల మింగింది. నూట నాలుగు. నేసినోడే చెక్ చేసుకున్నడు. నేసినోడే. తన బట్ట తనే చూసి, తనే ఫ్రెష్ అని, తన గోడ మీద తనే వంటింటంత అంకెలేసుకున్నడు, మూలకు ఎవని అక్షరం లేదు. రాజనర్సు గోడనంత కండ్లతోని గుంజి చూసిండు, ఈ కొసకెల్లి ఆ కొసదాకా, ఎవల సంతకం లేదు, నవ్వే పిల్లల బొమ్మలున్నయ్, పండ్లు మాత్రం అందరియి తెల్లగున్నయ్. ఇంక కోపం ఎట్ల లేచిందంటే, గా కోపం తీస్కపోయి సాంచలకు తగిలిస్తే కరెంటు లేకున్న సూరత్ అంతా మూడు షిఫ్టులు నడుస్తది. ఆ ముసలాయన లేడు. కండ్లద్దాలు లేవు. అయ్యో, ఎవనికోసం జాలి పడితివిర నర్సుగా. కని జర ఆగు. నీకు తెల్వదా? నీకు తెల్వకపోతే ఎవలకు తెలుసు? ఒక దీపావళికి శేటు వచ్చి, నర్సుభాయ్, ఈ సెకండు టాకాల మీద జర ఫ్రెష్ ముద్ర కొట్టు, పండుగ మార్కెట్ల ఎవడు చూస్తడు అంటే, కొట్టలేదా? మూడు వందల టాకాలు, పొద్దటి సంది పొద్దుమీకే దాకా, టక్ టక్ టక్, చెయ్యి వాసిపోయింది. నూనె గీతలున్న బట్ట. ఎక్కన్నో రాయపూర్ల, ఏ అవ్వనో పండుగకు కొనుక్కోని, ఒక్కపారి ఉతికి, గీత చూసి, దుకాణపోడిని తిట్టి ఉంటది, నిన్ను తిట్టలే, నువ్వెవలో ఆమెకు తెల్వది. ముద్ర కొట్టిన చెయ్యిది, ముద్రను నమ్మింది గూడ గిదే చెయ్యి. దొంగకు దొంగ చేసిన తాళమే నచ్చుతది. నూట ఆరు.

పోనీ ముద్ర నిజమే అనుకో. అబద్ధమేం రాయలే, ఉన్నదే రాసిన్రు అనుకో. రాజనర్సు న్యాయంగ ఆలోచించాల్నని చూసిండు, న్యాయం ఆయన నోట్లె కాకరకాయ లెక్కున్నది. ఉన్నదే రాసిన్రు. అయితే? మంచి నూలు పోస్తే పాత తుక్కు సాంచ గూడ మంచి బట్టనే నేస్తది. మొదటి నంబరు కాలేజీలకు మొదటి మార్కుల పిల్లలు పోతరు, బయటికొచ్చి మంచి నౌకర్లు జేస్తరు, ఏ కాలేజీ లేకున్న గా పిల్లలు చేద్దురు. అండ్ల సాంచ గొప్పేమున్నది? తెగిన నూలు, ముడులేసిన నూలు, కోసాడ్ మున్సిపాలిటీ బడిల చదివిన నూలు పోస్తే ఏ సాంచ సాపు బట్ట నేస్తదో, గది చెప్పరాదుర. గది ఏ లిస్టుల ఉంటది? అరవై ఒకటికీ అరవై రెండుకూ నడుమ ఏమున్నది? ఫ్రెష్‌కూ సెకండుకూ నడుమ వేలు పెట్టేంత రంధ్రముంటది, చూపిస్త. అరవై ఒకటికీ అరవై రెండుకూ నడుమ ఎవల వేలు పెట్టాలె? ఓంకు పోయిన రెండు వేళ్ళా? పోయినేడు ఇదే కాలేజీ తొంబై నాలుగన్నరు. వచ్చేడు ఏమైతదో. నంబరు ఏడాదికోపారి గోడ మీద మారుతది, రంగేస్తే అయిపాయె. బిడ్డ నాలుగేండ్లు చదవాలె, దాని నాలుగేండ్ల మీద ఎవడు రంగేస్తడు?

ఇంక త్రివిక్రమరావు సారు. సారు మంచోడే. మంచోడే అని రాజనర్సు మనసుల మూడుపార్లు అనుకున్నడు, మూడోపారి పండ్లు కొరికిండు. సారు కొడుకు సుహాస్, మూడేండ్ల కింద కోయంబత్తూరు దిక్కు కాలేజీల చేరిండు. సారు భార్య సుమతమ్మ ఒకనాడు సంఘం కాడ భూదేవితోని చెప్పింది, భూదేవి ఇంటికొచ్చి రాజనర్సుకు చెప్పింది, రాజనర్సు ఆవలించుకుంట విన్నడు. ఏమన్నదామె? మావారు చాదస్తం వదినా, వారం లీవు పెట్టి, నాలుగు కాలేజీలు తిరిగి, హాస్టల్ మెస్సులో తిని, పిల్లల్ని కూచోబెట్టి అడిగి, లెక్చరర్లు వస్తున్నారా లేదా కిటికీలోంచి చూసి, అప్పుడు చేర్పించారు. కిటికీలకెల్లి చూసి. సారు కొడుకుకు సారు కండ్లు. రాజనర్సు బిడ్డకు సారు ఫోను. గిది మోసం అనరాదు, సారు కావాల్నని చెయ్యలే, అందుకే ఇంక ఎక్కువ మండుతున్నది. కావాల్నని చేస్తే కాలర్ పట్టొచ్చు. వారం లీవున్నోడు పోయి చూసుకుంటడు, లీవు లేనోనికి లిస్టు. గా లిస్టును మందు చీటి లెక్క మడిచి జేబుల వెట్టుకోని, దండం పెట్టి వస్తిని కదర నేను. నూట పదకొండు. ఎందుకింత ఉరుకుతున్నదిప్పుడు గీ టీవీ, ఇందాక సచ్చినట్టుండె.

కని లీవు లేదనుడు గూడ అబద్ధమే. ఇంట్ల ఒకలకు టైమున్నది. ఒకలు పోయిన్రు. ప్రమీల పోయింది, మూడుపార్లు, కోసాడ్‌ల సిటీ బస్సెక్కి, నడుమ దిగి ఇంకోటెక్కి, గా పాత కాలేజికి. ఎవలు చెప్పలే, తనే పోయింది. మొదటిపారి వచ్చి చెప్తుంటే రాజనర్సు స్నానానికి పోతున్నడు. రెండోపారి చెప్తుంటే చేపల పులుసుల ముల్లు తీస్తున్నడు. మూడోపారి ఒక నోటుబుక్కు తెచ్చింది, ముంగట వెట్టింది, అప్పుడు రాజనర్సు అన్న మాట ఇప్పుడు ఈ కుర్చీల కూసున్నంక ఎవలో చెవుల మళ్ళ అన్నట్టు వినవడ్డది. పోరివి, నువ్వేందే చూసేది, పెద్ద పెద్దోళ్ళు చూసి నంబరిచ్చినంక నీ కండ్లేంది. గంతే, పదకొండు దినాలు. అది ఏం చెప్పిందో ఒక్క ముక్క యాదికి తెచ్చుకుందామని చూసిండు, నెత్తిల ముల్లు యాదికొచ్చింది, పులుసు యాదికొచ్చింది, బిడ్డ మాట ఒక్కటి గూడ రాలే. ఊరందరు చెప్పిన అబద్ధాలు అక్షరం పొల్లు పోకుండ యాదున్నయ్. నూట పదిహేడు.

ప్రమీల లేచి నిలబడి ఫైలు కోసం చెయ్యి చాపింది, మొఖం పక్కకు పెట్టి. ఇద్దరు కిటికీ కాడికి పోయిన్రు. కిటికీల పిల్ల మంచిగ నవ్వి, అంకుల్, ఒరిజినల్స్ అన్నది. రాజనర్సు ఫైలు చంకలకెల్లి తియ్యలే. హిందీల అడిగిండు, ఈ నంబరు చెక్ చేసినాయన పేరేంది బేటా. ఆ పిల్ల ఎనుకకు తిరిగి గోడను చూపింది. గోడ చెక్ చేసిందా అన్నడు. ఎనుక లైన్ల ఎవలో, కాకా, జల్దీ కరో అన్నరు, ఇంకెవలో నాలుక కొట్టిన్రు. రాజనర్సు బిడ్డ దిక్కు తిరిగిండు.

"ఆడ ఏమేం చూసినవో చెప్పు."

"ఇప్పుడా?"

"ఇప్పుడే."

ప్రమీల చూసింది తండ్రి దిక్కు, కొట్టేటట్టు చూసింది. తర్వాత గబగబ, ఎవలనో తిడుతున్నట్టు, చెప్పుడు షురూ చేసింది. కంప్యూటర్లు ముప్పై ఏడున్నయ్, ఒక్కోటి ఆన్ చేసి చూసిన, అయిదు నడవయ్. ఆడపిల్లల బాత్రూం ఒకటే, గొళ్ళెం లేదు, కని నీళ్ళొస్తయ్. ఫ్యాన్లు మూడు తిరగయ్. లెక్కలు చెప్పే మేడం ఎనుక బెంచి మీద నన్ను గూడ కూసోబెట్టుకున్నది, గుజరాతీ మీడియమోళ్ళకు మల్లొకపారి గుజరాతీల చెప్తది. ఇంకో సారున్నడు, ఫోన్ చూసుకుంట కూసుంటడు, ఏం చెప్పడు. పోయినేడు పాసైన ఆడపిల్లలు పదకొండు మంది నంబర్లు తీస్కోని మాట్లాడిన, ఏడుగురు నౌకరి జేస్తున్నరు, ఇద్దరు ఇంక చదువుతున్నరు, ఇద్దరింట్ల ఉన్నరు. క్యాంటీన్ల పప్పు నీళ్ళు నీళ్ళు.

రాజనర్సు ఇంటుంటే, ఎనుక లైను, ముందటి కిటికీ, పైన మంచుకొండ అన్నీ పోయినయ్. గొళ్ళెం లేదని చెప్పింది. ఫోన్ చూసే సారును దాచలే. ఇంట్లున్న ఇద్దరిని దాచలే. మచ్చ లేని టాకా ఆయన ముప్పై ఏండ్లల్ల చూడలే. మచ్చ రాయనోడు టాకా గుంజి చూడనట్టే. ఈడ ఇచ్చిన రంగు పుస్తకంల నలభై పేజీలున్నయ్, ఒక్క ఫ్యాను గూడ ఆగిపోలే. ఆయనకు ఏడుపొచ్చింది, ఏసీకి అది కండ్లల్లనే గడ్డకట్టింది కావచ్చు, కిందికైతే రాలే.

"నాకు తెల్వది బిడ్డ," అన్నడు. "నువ్వెట్లంటే గట్ల."

గా మాట ఆయన నోట్లకెల్లొచ్చుడు అదే మొదలు, పండ్లకు తాకుకుంటొచ్చింది. ప్రమీల నమ్మలే. ఎంతసేపు నమ్మలేదంటే కిటికీ పిల్ల నూట పద్దెనిమిదిని పిలిచింది, సూటు తొడుక్కున్న ఇంకొకాయన మోచెయ్యితోని ఇద్దరిని పక్కకు నూకిండు. అప్పుడు ప్రమీల తండ్రి చంకలకెల్లి ఫైలు గుంజుకున్నది, మెల్లగ తీసుకోలే, గుంజుకున్నది.

"పదకొండు దినాల కింద అననీకి నోరు రాలేదా?" అన్నది. "నడువు బాపూ. బస్సు దొరకకుంటే అయిదు లోపల చేరం."

బయట ఎండ. గేటు కాడికెల్లి రోడ్డుదాకా తోట, ఎంత పొడుగున్నదంటే నడుస్తుంటే ఇంకింత పెరుగుతున్నది. ప్రమీల ముందట ఉరుకుతున్నట్టు నడుస్తున్నది, ఎనుకకు తిరిగి చూస్తలేదు, కోపం తగ్గలే, ఇయ్యాల తగ్గది, రాజనర్సుకు తెలుసు. ఆయన ఎనుకవడి దమ్ము తీస్కుంట పోతున్నడు. ఫోన్ మోగింది. భూదేవి.

అయ్యిందా అన్నది. ఈడ కాలే, పాత కాలేజికి పోతున్నం అన్నడు. ఆమె తిట్టుడు షురూ చేసింది, తిట్టు తిట్టుకు నడుమ అడిగింది, మరి ఆవాసుల అందరికి దేశంల రెండో కాలేజని చెప్పి పెడితివి, ఇప్పుడు వచ్చి అడుగుతరు, ఆ కాలేజీ ఎన్నో నంబరు అంటరు, నేనేం మొఖం పెట్టుకోని చెప్పాలె?

రాజనర్సు నోట్లె జవాబులు మస్తు తయారుగున్నయ్. ఒక్కోటి ఒక్కో బిల్డింగుకు సరిపోతది. మింగిండు.

"నంబరు లేదని చెప్పు," అన్నడు. "ప్రమీల పోయి చూసొచ్చిందని చెప్పు."